కమాన్‌పూర్ నుంచి తెచ్చిన మొగుడు

మేమంతా కలిసి ఒక కాపురం నిలబెట్టామని మావాళ్లు చెప్పుకుంటారు. అబద్ధం. మేం నిలబెట్టింది నాలుగు మట్టిగోడలు, ఒక దర్వాజ. ఆ దర్వాజలోంచి ఆ ఇంటి మనిషిని బయటికి పంపింది కూడా మేమే. ఆ రెండో ముక్క ఎవరూ చెప్పరు.

మావాళ్లంటే గోదావరిఖనిలో మా కాలనీ యువజన సంఘం వాళ్లు. తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం పదిహేను మందిమి సైకిళ్ల మీద బయలుదేరి, మంథని అవతల అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో ఇల్లు కట్టి వచ్చాం. ఇప్పుడు అందరికీ తలలు నెరిశాయి. ఎవరింట్లో పెళ్లయినా, ఎవరి రిటైర్మెంటు దావతయినా ఆ కథ ఒకసారి నడవాల్సిందే. ఒక ఫోటో కూడా చేతులు మారుతుంది. పసుపు పూసిన దర్వాజ, దాన్ని చెరో పక్క పట్టుకున్న మొగుడూ పెళ్లాం. ఆమె మొహం పక్కకు తిప్పుకుని ఉంటుంది. సిగ్గుపడిందంటారు. నేను నోరు తెరవబోతే "అగో, మొదలువెట్టింది" అని ప్లేటు చేతికిచ్చి బిర్యానీ వైపు తోస్తారు. అందుకే ఈసారి రాస్తున్నాను. కాగితం చేతికి ప్లేటు ఇవ్వలేరు కదా.

అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. మా నాయన బొగ్గుబాయి దిగి పనిచేసే కార్మికుడు. మంథని అవతలి ఆ ఊళ్లో ఐదు గుడిసెలు కాలిపోయాయని, నాలుగు గుడిసెల వాళ్లు ఎట్లాగో మళ్లీ కప్పుకున్నారని, ఒక ఒంటరి ఆడమనిషి మాత్రం చిన్న బిడ్డతో చింతచెట్టు కింద ఉంటోందని మా సంఘం పెద్దకు తెలిసింది. ఆయన్ని అందరం అన్న అనేవాళ్లం. ఆఫీసులో గుమాస్తా, మంచి మాటకారి. సైకిళ్ల మీద పోదాం, ఊరూరా ఆగి మనుషుల్ని కలుద్దాం, మన చేతులతో ఇల్లు కట్టి వద్దాం అన్నాడు. అన్నతో కలిపి పన్నెండు మంది మగపిల్లలు, వాళ్లలో సగం మంది కొత్తగా బాయిలో చేరినవాళ్లు, ముగ్గురం ఆడపిల్లలం తయారయ్యాం. ఇంట్లో అమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. నాయన ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి, "పంచరైతె ఏస్కొస్తదా?" అని ఒక్కటే అడిగాడు. రాదన్నాను. అదే సాయంత్రం కిరాయి సైకిళ్ల చాచా దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. చాచా నాతో మూడుసార్లు ట్యూబు విప్పించి మూడుసార్లు ఎక్కించాడు. నా సైకిలుకు అడ్డ కడ్డీ ఉండేది. ఆడవాళ్ల సైకిలు ఆ దుకాణంలోనే లేదు.

నేరుగా పోతే ఒక్క రోజు దారి. మేం పెద్దపల్లి మీదుగా చుట్టూ తిరిగి నాలుగు రోజులు తొక్కాం. ఎండకు తారు కరిగి టైర్లకు అంటుకునేది. ఆ రోజుల్లో ఆ వైపు పదిమంది కుర్రాళ్లు జట్టుగా పోతే పోలీసులు ఆపకుండా వదిలేవారు కాదు. రెండుచోట్ల ఆపారు. ఆడపిల్లల్ని చూసి, కాలేజీ ఉత్తరం చూసి పోనిచ్చారు. మా ముగ్గురినీ ఎందుకు రానిచ్చారో నాకు అక్కడ అర్థమైంది. అది చాలదన్నట్టు ఊరు చేరగానే కట్టెలూ గిన్నెలూ మా ముందు పడేశారు. నేను గిన్నె బోర్లించి దాని మీద కూర్చున్నాను. వంతులు రాసేదాకా లేవలేదు. ఆ పదకొండు రోజుల్లో నేను గెలిచింది అదొక్కటే.

ఆమెకు ముప్పై ఏళ్లుంటాయేమో. తునికాకు ఏరుతుంది, నాట్లకు పోతుంది, కలుపుకు పోతుంది. మేం ఇల్లు కడుతుంటే చూస్తూ కూర్చునే మనిషి కాదు. మొదటి రోజే చీర ఎగదోపి మట్టిలోకి దిగింది. మా వాళ్లు మట్టిని పలుచగా కలుపుతుంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "బొగ్గు తోడినట్టు కాదు బిడ్డా, మట్టికి మర్యాద తెల్వాలె" అంది. బాయిలో పనిచేసే పిల్లలు కూడా నవ్వారు. మూడో రోజు నుంచి గోడ ఎంత లేవాలి, రాత్రికి తడిగుడ్డ ఎక్కడ కప్పాలి, అన్నీ ఆమె చెప్పినట్టే జరిగాయి. పేరుకు మేస్త్రీ అన్న.

గోడలు నడుం ఎత్తు లేచాక ఊరి వడ్లాయన దర్వాజ చెక్కడం పూర్తి చేశాడు. దర్వాజ ఎత్తడం అంటే మా వైపు ఇంటికి పెళ్లి చేసినట్టు. పసుపు, కుంకుమ, గుడ్డలో కట్టిన నవధాన్యాలు, కొబ్బరికాయ. ఒక జంట దాన్ని చెరో పక్క పట్టుకుని నిలబెట్టాలి. ఎల్లుండి పొద్దున మంచిదని వడ్లాయన చెప్పాడు. జంట ఎవరని అన్న అడిగాడు.

"ఎవలైతేంది," అన్నాడు వడ్లాయన. "ఆమె అక్కబావ పక్క గల్లీలనే ఉన్నరు గద. మొగుడు పెండ్లాం ఇద్దరైతె సాలు."

ఆమె సరేనంది. అక్కాబావలూ సరేనన్నారు. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి. ఊరి ఆచారానికి తలవంచామని మావాళ్లు తర్వాత ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఊరు అడిగింది ఒక జంటను. ఏ జంటైనా సరే అంది. ఊరికి లేని పట్టింపు మాకొచ్చింది.

ఆ మధ్యాహ్నమే గోడకు మట్టి మెత్తుతూ ఆమె నాకు తన సంగతి చెప్పింది. మొగుడు నాలుగేళ్ల కింద పోయాడు. చచ్చిపోవడం కాదు, పోవడం. కమాన్‌పూర్‌లో ఇంకొకామెతో ఉంటున్నాడు, బస్సులు ఆగేచోటి వెనకాల గుడిసె, ఇటుకబట్టీలో పని. పోయేముందు ఈమె చెయ్యి విరిచి పోయాడు. మణికట్టు దగ్గర వంకర చూపించింది. ఏడుస్తూ కాదు, గోడలో సొట్ట చూపించినట్టు చూపించింది. "వాడు పోయినంకనే నా బిడ్డ నిద్రపోవుడు నేర్సింది చెల్లె" అంది.

నాకు కడుపు మండిపోయింది. కడుపు మండితే నేను నోరు మూసుకునే రకం కాదు. ఆ సాయంత్రం అన్నాలు తింటూ పదిహేను మంది మధ్యలో అదంతా చెప్పేశాను. ఇట్లాంటి మొగుళ్లను ఏం చెయ్యాలో కూడా చెప్పాను. ఎక్కడుంటాడని ఎవరో అడిగారు. కమాన్‌పూర్, బస్సులు ఆగేచోటు, ఇటుకబట్టీ, అన్నీ నా నోటితోనే చెప్పాను. అడిగింది ఎవరో గుర్తులేదు. ఇంత తిండి తిని, ఇన్ని పుస్తకాలు చదివి, ఆ ఒక్క గొంతు ఎవరిదో గుర్తుపెట్టుకోలేకపోయిన నా బుర్రను ఏం చెయ్యాలి?

మరునాడు పొద్దున్నే మూడు సైకిళ్లు బయటికి పోయాయి. ఒకటి మంథనికి మేకులూ కొబ్బరికాయా తేవడానికి, ఒకటి వెదురుకు, ఒకటి టైరు మార్పించుకోవడానికి. అట్లా అని చెప్పారు. చీకటి పడేలోగా అందరూ వచ్చారు. పదిహేను మందిలో ఎవరు ఎటు పోయారో ఎవరు చూస్తారు? నేను ఆ రోజంతా గోడ మీద ఉన్నాను.

దర్వాజ ఎత్తే రోజు ఊరంతా వచ్చింది. ఆమె తలస్నానం చేసి, ఉన్న ఒక్క మంచి చీర కట్టుకుంది. అక్కాబావలు సిద్ధంగా నిలబడ్డారు. కుంకుమ పళ్లెం నా చేతిలో ఉంది. అప్పుడు పొద్దుటి బస్సు దిగి ఒకతను వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా, నూనె రాసిన జుట్టు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. అతను నేరుగా ఆమె ముందుకు వచ్చి, అందరికీ వినబడేటట్టు, "రమ్మన్నవట గద. వచ్చిన" అన్నాడు.

అన్న చప్పట్లు కొట్టాడు. వెనకాల మా పిల్లలూ కొట్టారు. ఒకడు ముందే కెమెరా తీసి పెట్టుకున్నాడు.

ఆమె అతని వైపు చూడలేదు. నా వైపు చూసింది. దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"నువ్వే పిలిపిచ్చినవా చెల్లె?"

"నేను కాదక్కా. నీ మీద ఒట్టు."

"నేను నీకొక్కదానికే చెప్పిన."

నేను పళ్లెం పట్టుకునే అన్న దగ్గరికి పోయాను. ఆమెను అడిగారా అన్నాను.

"అడిగితె ఔనంటదా?" అన్నాడు ఆయన, ఫోటోకు చొక్కా సర్దుకుంటూ. "ఆడోళ్లు పైకి వద్దనే అంటరు. సిగ్గు."

"నేను ఆడదాన్నే. నేను వద్దంటె వద్దనే."

"గందుకే నీకు సంబంధం కుదుర్తలేదు చెల్లె."

అందరూ నవ్వారు. నాతో వచ్చిన ఆడపిల్లలిద్దరూ నవ్వారు. వడ్లాయన ఒక్కడే నవ్వలేదు. అక్కాబావలతో అనుకున్నం కదా అని గొణిగాడు. అసలు జంట వచ్చాక కొసరు జంట ఎందుకని ఎవరో ఆయన నోరు మూయించారు.

నేను మళ్లీ ఆమె దగ్గరికి పోయి, వద్దని చెప్పక్కా, నేను నీ పక్కన నిలబడతాను అన్నాను. ఆమె చుట్టూ ఒకసారి చూసింది. సగం లేచిన గోడలు, బొబ్బలెక్కిన మా చేతులు, గుంపుగా నిలబడ్డ ఊరు.

"ఇన్ని దినాలు నా కోసం మట్టి తొక్కిన్రు. ఇప్పుడు వద్దంటె ఏం మనిషిననుకుంటరు?"

నాకు ఆ యాత్ర మొత్తంలో అన్నిటికంటే అసహ్యమైన సంగతి ఇదే. అతను ఆమె చెయ్యి విరిచాడు. మేం ఆమె నోరు కట్టేశాం, అదీ మా మంచితనంతో. అతణ్ణి తిట్టొచ్చు, ఎదిరించొచ్చు. ఎండలో నాలుగు రోజులు సైకిలు తొక్కి వచ్చి ఊరికే ఇల్లు కట్టే పిల్లల్ని ఎట్లా ఎదిరిస్తుంది? ఆమె పోయి దర్వాజకు ఒక పక్క పట్టుకుంది. అతను ఇంకో పక్క పట్టుకున్నాడు. పళ్లెం కింద పడేసి ఉంటే మైలపడిందనైనా ఆగేదేమో. పడేయలేదు. నేనే కుంకుమ అందించాను. ఆ ఫోటోలో అంచున కనిపించే చెయ్యి నాదే.

పెంకలు కప్పి, దండలు వేయించుకుని వచ్చేశాం. మావాళ్ల కథ అక్కడితో ఆగిపోతుంది.

మరుసటి ఏడు నేనొక్కదాన్నే బస్సెక్కి పోయాను. ఇల్లు చక్కగా ఉంది. దర్వాజ దగ్గర కూర్చుని ఒకామె బియ్యం చెరుగుతోంది. కమాన్‌పూర్ ఆమె. వానాకాలంలోనే ఇద్దరు పిల్లలతో వచ్చిందట. మేం ఇల్లు కట్టిన అక్క మూడు నెలలు ఆ ఇంట్లోనే ఒక మూల పడి ఉండి, మళ్లీ అదే చెయ్యి మీద దెబ్బ పడ్డాక, బిడ్డను తీసుకుని బయటికి వచ్చేసింది. తన అక్కాబావల చేనుగట్టున గుడిసె వేసుకుంది. నేను పోయేసరికి మోపు దించుతోంది. నన్ను చూసి నవ్వింది, తాగడానికి నీళ్లిచ్చింది. తిడితే బాగుండేది.

"ఇల్లు మంచిగ కట్టిన్రు చెల్లె," అంది. "మొన్న ఇంత వానకు ఒక్క సుక్క కారలేదట."

ఆ 'అట' నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఇల్లు తనదని ఊరి పెద్దల ముందు పంచాయితీ పెట్టింది. అతను ఒక్క మాటే పట్టుకున్నాడు: పిలిస్తే వచ్చాను, దర్వాజ ఎత్తాను, ఇప్పుడు పొమ్మంటే ఎట్లా పోతాను? దర్వాజ ఎత్తింది ఊరంతా చూసింది. తను పిలవలేదంటే ఎవరూ నమ్మలేదు. పిలవకపోతే ఎందుకొస్తాడన్నారు. సైకిలు మీద ఒకాయన వచ్చి చెప్పాడనడమే తప్ప, ఆ వచ్చింది ఎవరో మొగుడు చెప్పలేదు. పెద్దలు ఇంకోసారి కూర్చుంటామన్నారు.

"ఆ దినం కమాన్‌పూర్‌కు పోయినాయన ఒక్కసారొచ్చి, ఈమె పిలువలే, నేనే ఊకె చెప్పిన అంటె సాలు," అంది. "ఇంకేం వద్దు. ఆయన్ను నేనేమన."

తీసుకొస్తానన్నాను. ఒట్టు కూడా వేశాను. ఖనికి వచ్చి పన్నెండు మందినీ ఇళ్లకు పోయి అడిగాను. క్యాంటీన్ల దగ్గర కాపు కాశాను, షిఫ్టు దిగేచోట నిలబడి అడిగాను. నేను కాదంటే నేను కాదన్నారు. వెదురుకు పోయానన్నవాళ్లు ముగ్గురు తేలారు, టైరుకు పోయానన్నవాళ్లు ఇద్దరు. కెమెరా పట్టినవాడు, అన్న చెబితేనే ముందే తీసి పెట్టుకున్నాను, అంతకు మించి తెలియదన్నాడు. ఎవర్ని పంపావని అడిగితే అన్న నన్ను కూర్చోబెట్టి చాయ్ పోయించి, కాపురమన్నాక ఎత్తుపల్లాలుంటాయి, మధ్యలో మనమెందుకన్నాడు. మధ్యలోకి పోయింది మనమే కదన్నా అంటే చాయ్ చల్లారుతోందన్నాడు. పంచాయితీ రెండోసారి కూర్చునే రోజుకు నేను ఒక్కదాన్నే పోయాను. నువ్వు పోయి పిలిచినవా అని పెద్దలు అడిగారు. లేదన్నాను. మరి నీ సాక్ష్యమెందుకు అన్నారు. ఇల్లు అతనికే పోయింది.

ఇన్నేళ్లలో మీ దావత్‌లకు నేను రావడం బిర్యానీ కోసం కాదు. తాగిన మత్తులోనో, వయసు మీద పడ్డ భయంలోనో ఎవడో ఒకడు నోరు జారతాడని. ఎవడూ జారలేదు. ఆమె ఇంకా ఆ గట్టు మీదే ఉంది. బిడ్డ పెళ్లయి పోయింది. పోయినసారి కలిసినప్పుడు కూడా, తెలిసిందా చెల్లె, అని అడిగింది. లేదన్నాను. కోర్టు కాదు, పంచాయితీ కాదు, ఇప్పుడు ఎవరి మీదా ఏ కేసూ లేదు. ఒక్క మనిషి ఒక్కసారి బస్సెక్కి వెళ్లి ఒక్క మాట చెప్పి రావాలి, అంతే. ఆ రోజు కమాన్‌పూర్ దాకా సైకిలు తొక్కి, ఆమె నోట రాని పిలుపును ఆమె పిలుపని అతనికి చెప్పింది మీ పన్నెండు మందిలో ఎవరు?