కాలవ వదిలిన రోజు

ఎండాకాలం కాలవకి నీళ్ళు కట్టేశారంటే చాలు, మా చిన్నప్పుడు... అమ్మ ముఖం కాస్త తేలికపడేది.

మాది తెనాలి. ఊరి చివర, రేపల్లె వెళ్ళే దారిలో, కాలవ కట్టను ఆనుకునే మా ఇల్లు. నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. ఎండాకాలం మిల్లులో పని తగ్గితే జీతమూ తగ్గేది. సరిగ్గా అప్పుడే కూరగాయల ధరలు మండిపోయేవి... వెనకే బడులు తెరిచే రోజులు, పుస్తకాలు, యూనిఫాం గుడ్డ...

అందుకని ఆ రెండు నెలలూ అమ్మ బజారు కూర మానేసేది. పెరట్లో గోంగూర, మామిడికాయ పప్పు, మజ్జిగ పులుసు... అలా మిగిల్చిన కూర డబ్బులతోనే మాకు కొత్త పుస్తకాలు వచ్చేవి.

కాలవకి నీళ్ళు ఆపేసినా వంతెన కింద గుంటల్లో మాత్రం కాసిని నిలిచి ఉండేవి. వాటిలో మట్టగిడసలు, జెల్లలు... పైసా ఖర్చు లేని చేపలు. అమ్మ మామిడికాయ ముక్కలేసి మట్టి దాకలో పులుసు పెట్టేది. మర్నాడు పొద్దున చద్దన్నంలోకి ఆ పులుసు... అబ్బ, ఇప్పటికీ నోరూరుతుంది. ఇల్లు గడవక తింటున్నామని మాకేం తెలుసు? ఎండాకాలం అంటే అంతేననుకునేవాళ్ళం.

ఆ చేపలు పట్టేది మా పిన్ని. అమ్మ చెల్లెలు. అప్పటికింకా పెళ్ళి కాలేదు, బాపట్లలో అమ్మమ్మ దగ్గర ఉండేది. ఏటా సెలవులకి మా ఇంటికి వచ్చేది. పావడా ఎగదోపి, గుంటలో దిగి, నీళ్ళు కలియబెట్టి వట్టి చేతుల్తో పట్టేసేది. నేను బకెట్ పట్టుకుని ఒడ్డున కూర్చునేదాన్ని. ఇది జరిగిన ఏడు నాకు తొమ్మిదేళ్ళు.

ఒక రోజు మాతో అమ్మ కూడా వచ్చింది. కాస్త దూరంలో, పొయ్యిలోకి పుల్లలు ఏరుతోంది. కాలవకి మళ్ళీ నీళ్ళు వదలడానికి ఇంకా వారం ఉందని అందరం అనుకున్నాం...

ముందు చప్పుడు వినిపించింది. ఎవరో ఎండుటాకులు ఊడుస్తున్నట్టు. తల తిప్పి చూస్తే కాలవ ఎగువ నుంచి గోధుమరంగు నురగ, పుల్లలు, చెత్త... మనిషి నడిచినంత నెమ్మదిగా వస్తోంది.

పిన్ని వంతెన కింద ఉంది. చూసి నవ్వింది. నన్ను బకెట్ తీసుకుని పైకెక్కమంది. తనూ ఒక అడుగు వేయబోయింది. రెండో కాలు కదల్లేదు. మోకాలి దాకా బురదలో దిగిపోయింది.

నీళ్ళు తొడల దాకా వచ్చేదాకా ఆవిడ నవ్వుతూనే ఉంది. నడుము దాటాక నవ్వు ఆగిపోయింది. అరవలేదు. చిన్న గొంతుతో, "అక్కా... కాలు రావట్లేదే" అంది.

అమ్మ చేతిలో పుల్లలు ఎప్పుడు పడేసిందో, ఎప్పుడు దిగిందో... చంకల కింద చేతులు వేసి లాగింది. లాగిన కొద్దీ అమ్మ కాళ్ళు కూడా దిగబడుతున్నాయి.

అమ్మ నా వైపు చూసి, "దానియేలు మావయ్యని పిలు. పరిగెత్తు" అంది.

మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే దానియేలు మావయ్య కట్ట మీద గేదెల్ని తోలుకెళ్తున్నాడు. పరిగెత్తాను గానీ, నోట్లోంచి మాట రాలేదు. ఆయన చొక్కా పట్టుకుని కాలవ వైపు లాగాను. ఆయన నీళ్ళు చూశాడు, నన్ను చూశాడు... అర్థమైపోయింది.

వెనక్కి వచ్చేసరికి పిన్ని గుండెల దాకా నీళ్ళు. అమ్మ కనపడలేదు.

ఎక్కడా లేదు...

అంతలో నీళ్ళలోంచి తల బయటికి వచ్చింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ మునిగింది. పిన్ని కాలి చుట్టూ బురదని చేతుల్తో తవ్వుతోంది. మునిగిన ప్రతిసారీ నేను కూడా ఊపిరి బిగబట్టేదాన్ని. ఇక రాదేమో అనిపించేది. వచ్చేది... మళ్ళీ మునిగేది.

పిన్ని ఏడుస్తూ, "నువ్వు పైకెక్కక్కా, నీకు పిల్లలున్నారు" అంది.

"నోర్ముయ్. కాలి వేళ్ళు కదుపుతా ఉండు" అంది అమ్మ.

మావయ్య వెనక నుంచి పిన్నిని ఒడిసి పట్టుకున్నాడు. నీళ్ళు మెడ దాకా వచ్చాక, ఉన్నట్టుండి కాలు ఊడి వచ్చింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. నేను ఒడ్డున వదిలేసిన బకెట్ చేపలతో సహా కొట్టుకుపోయింది.

ముగ్గురూ ఎలాగో ఒడ్డెక్కారు. ఒడ్డు మీద అమ్మ పిన్నిని ఒక్క దెబ్బ కొట్టి, తర్వాత గట్టిగా పట్టుకుంది. అమ్మ గోళ్ళ నిండా రక్తం.

ఇంటికొచ్చి పిన్నికి చంటిపిల్లకి పోసినట్టు వేణ్ణీళ్ళు పోసింది. కాసేపటికి కూరగాయల బండి వచ్చింది. వంకాయ ఒక్కోటి తిప్పి చూసి బేరమాడే మా అమ్మ, ఆ రోజు అతను చెప్పిన ధరకే తీసుకుంది. సాయంత్రం నాన్నకి అంతా చెప్పి, "ఈ ఏడు పిల్లలకి పాత పుస్తకాలే కొందామండి. కాలవలోకి మాత్రం ఎవరూ దిగొద్దు" అంది. నాన్న సరేనన్నాడు.

నాకు మాత్రం ఆ భయం చాన్నాళ్ళు పోలేదు. బడి నుంచి రాగానే సంచీ కూడా దించకుండా అమ్మ ఎక్కడుందో వెతుక్కునేదాన్ని. పెరట్లో గిన్నెల చప్పుడు వినపడితే గానీ ఊపిరి ఆడేది కాదు...

ఇప్పుడు చేపలు ముక్కలు కోసి, శుభ్రం చేసి గుమ్మంలోకి తెచ్చిస్తున్నారు. ఏ కాలమైనా అన్నీ దొరుకుతున్నాయి. ధర చూసి ఇబ్బంది పడే రోజులు మా ఇంట్లో పోయాయి, సంతోషమే. కానీ ఏ నెలలో ఏది చవకో, ఏది తింటే ఇల్లు గట్టెక్కుతుందో అమ్మకి తెలిసినట్టు నాకు తెలియదు. అలా గట్టెక్కించడానికి ఆవిడ ఎన్నిసార్లు భయపడి ఉంటుందో కూడా నేనెప్పుడూ అడగలేదు...

మీ ఇంట్లో ఎండాకాలం ఎలా గడిచేది? మీ అమ్మ మీకు తెలియనివ్వకుండా దేనికి భయపడేదో... మీరైనా అడిగారా?