టైపు మిషన్ తిన్న మలీద

నిన్న మా బిడ్డ ల్యాప్‌టాప్‌ను బోర్లించి దులిపితే మీటల సందుల్లోంచి చుడువా అటుకులు, పల్లీ పొట్టు, ఎండిన కరివేపాకు రాలాయి. నేను తిట్టడం మొదలుపెట్టగానే, ‘గదేమన్న గుడా మమ్మీ, దాని ముందట తినొద్దనడానికి?’ అంది. జవాబు నా దగ్గరుంది, చెబితే నా పరువే పోతుంది. అందుకే దానికి చెప్పకుండా మీకు చెబుతున్నాను.

నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు భువనగిరిలో, బట్టల దుకాణం మీది అంతస్తులో ఖాసిం చాచా టైపు నేర్పేవాడు. రేకుల మీద వడగళ్లు పడుతున్నట్టు ఎనిమిది మిషన్ల చప్పుడు, కిటికీలో ఎండకు మెరిసే నున్నటి గుట్ట, చెప్పులు బయటే విడవాలన్న కట్టడి, అక్షరాలు చూడకుండా నేర్వాలని పిల్లల చేతుల మీద ఆయన బోర్లించే అట్టపెట్టె, ఇవన్నీ అక్కకు తోడుగా పోయి కూర్చునే నాకు బడికంటే ఇష్టం. అక్క టైపు లోయర్ పరీక్షకు తయారవుతోంది. ‘ఒక్కపాలి రాయి. కాకుంటె కుట్టుమిషన్ నేర్సుకో’ అని బాపు ముందే తేల్చేశాడు.

దసరా వచ్చింది. చాచా మిషన్లన్నీ తానే తుడిచి, ‘పండుగ మీది, మిషన్లు నాయి, జర పైలం’ అని తాళంచెవి అక్క చేతిలో పెట్టి పోయాడు. నేర్చుకునే పిల్లలంతా ఆయుధపూజకని మిషన్లకు బంతిపూలు పెట్టారు, బొట్లు పెట్టారు. బతుకమ్మకు చేసినట్టే అమ్మ జొన్నరొట్టె నలిపి, బెల్లం, నెయ్యి వేసి కట్టిన మలీద ముద్దలు గిన్నెలో ఉన్నాయి. అక్షరాల కడ్డీలు గుండ్రంగా పరుచుకొని, అక్క మిషన్ నోరు తెరుచుకున్నట్టే కనిపించింది. అక్క పాస్ కావాలని, ఎవరూ చూడకుండా ఒక ముద్ద అందులో పెట్టి, లోపలికి పోయేదాకా వేలితో ఒత్తాను.

మర్నాడు ఒక్క కడ్డీ లేస్తే ఒట్టు. అన్నిటికీ బెల్లం పట్టి, చీమలు బారు కట్టాయి. తెల్లారితే నల్లగొండలో పరీక్ష, చేతికి అలవాటైన మిషన్‌నే వెంట తీసుకుపోవాలి. పని నాదేనని తేలిపోయింది. అక్క ఏడవలేదు, నా దిక్కు చూడటం మానేసింది, అదే ఎక్కువ భయపెట్టింది. అప్పటికీ నేను ఊరుకున్నానా?

‘దేవునికి పెడితె తప్పు లేదు, మిషన్‌కు పెడితె తప్పేంది చాచా?’

‘దేవుడు తినడు బేటా, గందుకే ఏం గాదు. గిది తిన్నది.’

కోప్పడలేదు. లాంతరులో పోసే గ్యాసునూనె గిన్నెలో పోసి, పాత పళ్ల బ్రష్ నా చేతికిచ్చాడు. పొద్దు గూకేదాకా ఒక్కొక్క కడ్డీ నేను రుద్దుతుంటే, ఆయన గుడ్డతో తుడిచి, ఊది, మీట నొక్కి చూసేవాడు. చివరికి అక్క వచ్చి కూర్చుని ఒక పేజీ కొట్టి, ‘మునుపటి కంటె తేలికగనే లేస్తున్నయి’ అంది, నాతో కాదు, చాచాతో. మర్నాడు మిషన్‌ను దుప్పట్లో చుట్టి, బస్సులో చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకొని పోయింది. పాసయింది. కుట్టుమిషన్ మాట బాపు మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడా మేడ మీద సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, చెప్పులతోనే లోపలికి పోవచ్చు. చాచా లేడు, వడగళ్ల చప్పుడూ లేదు. అక్క మాత్రం మొన్న సర్కారు కచేరీలో పెద్ద గుమాస్తాగా రిటైరయింది. పోయిన దసరాకు మా ఇంటికొస్తే, అలవాటు కొద్దీ ల్యాప్‌టాప్‌కు బొట్టు పెట్టి, మలీద గిన్నె తెచ్చాను. అక్క ఒక ముద్ద తన నోట్లో వేసుకొని, రెండో చేత్తో ల్యాప్‌టాప్ మూత వేసింది.