ఇత్తడి రుచి

"రాసుకో అమ్మా. కుర్చీ అట్ట, రెండో పక్క. సాక్సోఫోన్ ఆయనకి పైవరస ముందుపళ్ళు రెండూ అరిగిపోయాయి. అరిగిన పళ్ళవాడు నిమ్మళంగా వాయించుకోవాలి. ఈయన వినడు, పరుగెడతాడు. పదికి ఆరు."

"ఆరేనా బాబాయ్? పోయిన నెల ఏడిచ్చావుగా."

"అప్పుడు నాకు జలుబు. చెవులు మూసుకుపోయి మంచివాణ్ణయ్యాను."

అన్న కూతురు నవ్వుకుంటూ నోటుపుస్తకంలో ఆరు వేసింది.

బాబాయి కట్టుడు పళ్ళు చేస్తాడు. ముందుగదిలో పని, వెనకగదిలో జాజ్. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోయడం, మైనంతో చిగుళ్ళు దిద్దడం, పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టడం ఆయనకి నలభై ఏళ్ళుగా అలవాటు. జాజ్ మాత్రం ఎవరూ నేర్పలేదు. మూతపడుతున్న పాతసామాన్ల కొట్టులో నూట పన్నెండు రికార్డులు పెట్టెతో సహా కొని తెచ్చుకున్నాడు. అట్టల మీది భాష ఆయనకి రాదు. అందుకే బొమ్మను బట్టి పేర్లు పెట్టాడు: కుర్చీ అట్ట, వాన అట్ట, మెట్ల అట్ట. వారమంతా పళ్ళు దిద్ది దిద్ది ఆదివారానికి వేళ్ళు బిగుసుకుపోయి కలం పట్టలేడు గనక ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చి ఆయన అభిప్రాయాలు రాసిపెడుతుంది. ఆమెది కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం.

ఆయన విమర్శంతా పళ్ళ మీదుగానే నడుస్తుంది. సాక్సోఫోన్ వాడి పైపళ్ళు వాద్యం మూతి మీద ఆనుతాయి, ట్రంపెట్ వాడికి పెదవి వెనక ముందుపళ్ళే ఆధారం. అందుకని ఊదేవాడి నోట్లో ఏముందో వినగానే చెప్పేస్తాడు. పియానో వాళ్ళకి మాత్రం ఎప్పుడూ అన్యాయమే. "వేళ్ళతో వాయించేవాడి సంగతి నాకేం తెలుసు, సగం మార్కులు వెయ్యి" అంటాడు. మొదట్లో ఆమె ఇదంతా ముసలాయన పిచ్చి అనుకుంది. విని విని ఆమె చెవులకీ ఏదో పట్టుబడింది. ఇప్పుడు దుకాణంలో ఎవరైనా నోరు విప్పితే ముందు పళ్ళ సందుల్లోంచి పోయే గాలే వినిపిస్తోంది.

రికార్డులన్నిటిలో ఆయన ప్రాణం వాన అట్ట. అందులో ట్రంపెట్ ఊదిన మనిషంటే బాబాయికి తోడబుట్టినవాడితో సమానం. అట్ట మీద అయిదుగురు వానలో నిలబడి ఉంటారు. నలుగురు నవ్వుతుంటారు, అయిదో ఆయన పెదవులు బిగించుకుని ఉంటాడు. ప్రతి ఆదివారం ఆఖరున అదే వినాలి. ఇవాళ ఆయన దాని జోలికి పోలేదు. మెట్ల అట్ట తీసి, ఇప్పటికి రెండుసార్లు తుడిచాడు.

"వాన అట్ట పెట్టవేం?"

"ఏం వింటాంలే."

"పదకొండేళ్ళుగా వింటున్నావ్. ఇవాళ ఏమొచ్చింది?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "పెడతాను. భయపడకూడదు మరి."

రికార్డు మీద ముల్లు దిగింది. ఎప్పటిలాగే ముందు డ్రమ్ములు, తర్వాత పెద్ద తంబురాలాంటి బేస్ మోత, ఆ వెనక పియానో. రికార్డింగు జరిగిన హాల్లో ఎవరో గ్లాసు కింద పెట్టారు. ట్రంపెట్ అందుకోవలసిన చోట గట్టిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది.

తర్వాత ఏమీ లేదు.

డ్రమ్ములు సాగుతున్నాయి. పియానో ఆయన అవతలి మనిషికి దారి ఇస్తున్నట్టు మధ్యమధ్య ఆగుతున్నాడు. మళ్ళీ ఊపిరి, మళ్ళీ ఏమీ లేదు. రెండు నిమిషాలు అలా గడిచాక హాల్లో జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల కూడా వేశారు.

ఆమె గబగబా నోటుపుస్తకం వెనక్కి తిప్పింది. పోయిన ఆదివారం పేజీలో తన చేతిరాతే ఉంది: "వాన అట్ట. ఇవాళ ట్రంపెట్‌లో గాలి లీకు లేదు. మొదటిసారి. పదికి పది. బాబాయి ఏడ్చాడు."

"ఆ రోజు నేను కూడా విన్నాను కదా" అంది నెమ్మదిగా.

"విన్నావు. ఎందుకు బాగుపడిందో నీకు చెప్పలేదు." బాబాయి ముల్లు ఎత్తేశాడు. "ఆయనకి పైవరసలో ముందుపన్ను విరిగింది, పక్కది కదులుతోంది. పదకొండేళ్ళుగా పంటి బిగువున లాక్కొస్తున్నాడు. పళ్ళు కట్టేవాణ్ణయి ఉండి చూస్తూ ఊరుకోమంటావా? చెవితో కొలత తీసి ఒక సెట్టు చేశాను. నీళ్ళగిన్నెలో వేసి ఇదిగో, ఈ రికార్డు పక్కన పెట్టాను. ఆ ఆదివారమే నువ్వు పదికి పది రాసింది."

"మరి ఇప్పుడేమైంది?"

"నా బుద్ధి గడ్డి తింది. మర్నాడు మెరుగు పెడదామని ఈ గిన్నె ముందుగదికి పట్టుకెళ్ళి, ఇంకొకరికి చేసిన సెట్టు గిన్నె పక్కనే బల్ల మీద పెట్టాను. పేరు రాసిన కాగితాలు తడిసి ఊడిపోయాయి. రెండు వీధుల అవతల లిఫ్టు నడిపి రిటైరైన పెద్దాయన ఉన్నాడు చూడు, ఆయనకి ట్రంపెట్ సెట్టు ఇచ్చేశాను. నోట్లో పెట్టుకున్నాడు, టక్కుమని కూర్చుంది. ఎక్కడా ఒరుసుకోలేదు, నేను అరగదీయనూ లేదు. నలభై ఏళ్ళలో నేను చేతులు కట్టుకుని నిలబడ్డ సెట్టు అదొక్కటే. అప్పుడైనా అనుమానం రావద్దూ నాకు?"

"ఆయన బాగానే ఉన్నాడా?"

"బుధవారం వచ్చాడు. 'ఆపిల్ కొరుక్కుని తిన్నానండీ, కొరుక్కుని!' అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మూడేళ్ళు అన్నీ నలుపుకుని తిన్నాడు పాపం. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, 'ఏం తిన్నా ఇత్తడి రుచి తగుల్తోంది, దీనికేమైనా ఉందా?' అన్నాడు. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పెదాలు బిగించి ఊదుతున్నాట్ట, పెళ్ళాం భయపడుతోందట." బాబాయి తన పై పెదవి మీద వేలితో గుండ్రంగా గీశాడు. "ఇక్కడ ఎర్రగా చక్రంలా ముద్ర. ఆయనకి అదేంటో తెలీదు. నాకు తెలుసు, ఇత్తడి ట్రంపెట్ మూతి ఆనే చోటది."

కిటికీ దగ్గర గిన్నెలో లిఫ్టు పెద్దాయన అసలు సెట్టు నీళ్ళలో పడుకుని ఉంది. ఆమె అటు వీపు పెట్టి కూర్చుంది.

"అయితే ఇది తీసుకెళ్ళి ఇచ్చి, అది అడిగి తెచ్చేస్తాను. పొరపాటైందని చెబుతాను."

"ఇది ఆయనకి కూర్చోదు. బుధవారం పెట్టి చూశాను, చిగుళ్ళు వాచేట్టున్నాయి. ఆపిల్ కొరుకుతున్న మనిషి నోట్లోంచి పళ్ళు ఎలా లాక్కోమంటావే?"

"పోనీ అలాంటిదే ఇంకోటి చెయ్యి."

"మూడు చేశాను. ఒక్కటీ కాలేదు. విని చేసిన పళ్ళు అవి. ఇప్పుడు వినడానికి ఏముంది? ఊపిరి ఒక్కటే." ఆయన అట్టని ఒళ్ళో పెట్టుకుని, బిగించిన పెదవుల మనిషి మీద బొటనవేలు ఆనించాడు. "వీడు ఊపిరి తీసుకుంటూనే ఉన్నాడమ్మా. నోరు లేక ఆగిపోతున్నాడు. నేను పెట్టెలో పెట్టి మూసేశాననుకో, అక్కడ కూడా తీసుకుంటూనే ఉంటాడు. అది తెలిసి నాకు ముద్ద దిగుతుందా?"

ఆమె నోటుపుస్తకం మూసింది. ఇంటికి పోవాలని ఉంది. ఆయన్ని ఈ గదిలో వదిలి పోవాలని మాత్రం లేదు.

"ఏం చెయ్యమంటావో చెప్పు బాబాయ్."

"ఆ పెద్దాయన ఇంటికెళ్ళు. పళ్ళు అడక్కు. రుచి సంగతి చూస్తానన్నానని చెప్పి, ఆయన్నే రమ్మను. ఇవాళే, వెలుగు ఉండగానే. ఈ రికార్డు పక్కన, ఆ కుర్చీలో కాసేపు కూర్చుంటే చాలు."

ఆమె చెప్పులు వేసుకుంటుంటే వెనకగదిలో ముల్లు దిగింది. డ్రమ్ములు మొదలయ్యాయి. బాబాయి గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించాడు.

"పళ్ళు పెట్టుకునే రమ్మను. దారిలో ఊదాలనిపిస్తే, ఇక్కడికొచ్చేదాకా ఎలాగోలా ఆపుకోమను తల్లీ."