నాలుగోనాటి మనిషి

2011. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. సిద్దిపేటలో నేను ఫ్రీజర్ బాక్సులు కిరాయికి ఇచ్చేవాణ్ణి. శవం చెడిపోకుండా ఉంచే, అద్దం మూత ఉన్న చల్లని పెట్టె అన్నమాట. మా ముస్లింలలో పొద్దున పోతే సాయంత్రానికి మట్టి చేస్తారు. అలాంటివాడికి ఈ వ్యాపారమేంటని మా ఆవిడ దెప్పేది.

జగదేవ్‌పూర్ దగ్గర రూతమ్మ అనే ఆమె భర్త దేవదానం పోతే పెట్టె తీసుకెళ్లి పెట్టాను. బస్సుల్లేక కూతురు వచ్చేసరికి మూడో రోజైంది. ఇక సమాధి చేస్తారనుకుంటే రూతమ్మ ఒప్పుకోలేదు. "సచ్చిన లాజరును ప్రభువు నాలుగోనాడు సమాధిల నుంచి లేపిండు. రేపటిదాంక ఆగున్రి" అంది. చూస్తే గంటలకొద్దీ కరెంటు కోతలు. శవం ఆగుతుందా? నాకు ఒళ్లు మండింది.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లేసరికి ఇంట్లో అందరూ పెట్టె చుట్టూ చేరి ఉన్నారు. మూత మీద, సరిగ్గా ముఖం ఉన్నచోట చెమ్మ. రూతమ్మ కొంగుతో తుడుస్తోంది, మళ్లీ పడుతోంది.

"సూడు భాయ్, ఊపిరి తీస్తుండు."

"ఊపిరి గాదక్కా. సల్లటి అద్దానికి వానగాలి తగిలితే గట్లనే అయితది" అన్నాను. ముఖం దగ్గరే ఎందుకో నాకూ తెలియలేదు.

పక్కనే ఉన్న వాళ్ల చర్చి పాస్టరు నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, లాజరు గురించి బైబిల్ల ఉన్న మాట గ్రీకుల 'తెతార్తయోస్'. నాలుగు దినాలైందని మనం సదువుకుంటం. అసలైతే నాలుగోనాటి మనిషని అర్థం. లాజరు అక్క గా మాట ఆశతోటి అనలే. ఇగ వాసనొస్తది, సమాధి తెరవద్దని అన్నది."

"తెరిచిన్రు గద, అయ్యగారు" అంది రూతమ్మ.

ఆమె నావైపు తిరిగింది. "ఒక్కసారి చెయ్యి పట్టి సూడు భాయ్. నువ్వు పానం లేదంటే ఇంటా."

మూత ఎత్తాను. పెట్టెలో పెట్టిననాడు కట్టెలా బిగిసిన చెయ్యి మెత్తగా వంగింది. వేళ్లు నా వేళ్ల మీదికి వాలాయి. ఇన్నేళ్ల పనిలో మొదటిసారి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. కూతురు కేక పెట్టింది. రూతమ్మ ముఖం వెలిగిపోయింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

ఆ మెత్తదనం ఏమిటో నాకు తెలుసు. పోయాక బిగుసుకున్న దేహం, చెడడం మొదలయ్యాక మళ్లీ వదులవుతుంది. పాస్టరు చెప్పిన నాలుగోనాటి మనిషి అంటే ఇదే. నోరు మూసుకుంటే ఆమె ఇంకో రోజు ఆపుతుంది.

"అక్కా, గిది పానం గాదు. దేహం బిగువు ఇడుస్తున్నది. అన్న లేడు."

ఆమె ఆ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు కూర్చుంది. "మూడొద్దుల సంది అద్దమే తుడుస్తున్న. గీ చెయ్యి ముందే పట్టుకోనియ్యకపోతివి భాయ్" అంది.

పొద్దు గూకకముందే సమాధి చేశారు. అప్పటినుంచి ఎవరింటికి పెట్టె తీసుకెళ్లినా, మూత వేసేముందు అడుగుతాను: "చెయ్యి పట్టుకుంటరా?"