చల్లని బండ మీద కాలిన పిల్ల

దయ్యం పట్టిందని ఎవరైనా నా దగ్గరికొస్తే, ముందు కడుపునిండా అన్నం తిని పడుకోమని చెప్పే మనిషిని నేను. నాలుగో తరగతితో బడి మానేశాను గానీ, కంటికి కనబడని వాటిలో దేవుణ్ణి తప్ప ఇంకదేన్నీ నమ్మలేదు. గాలి సోకింది, దిష్టి తగిలింది అనే మాటలు మా ఇంట్లో ఎత్తనివ్వను. అలాంటిదాన్ని ఈ సంగతి రాయడానికి కూర్చున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మాది నంద్యాల. నా కొడుకు దాసు బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. అతని కూతురు కెజియా. పసిబిడ్డగా ఉన్నప్పుడే తల్లి పోతే నేనే పెంచాను. నన్ను జేజీ అంటుంది. డిగ్రీ అయ్యాక రంగు చేపలు, పిట్టలు అమ్మే అంగట్లో పనికి చేరింది. ఎవరో సాకలేక ఆ అంగట్లో వదిలేసిపోయిన పామును ఇంటికి తెచ్చుకుంది.

బాల్ పైథాన్ అంటారట. విషం లేదు. మన పాములను పట్టి పెంచడం నేరమని, ఇది బయటి దేశపు జాతి గనుక దీనికి కాగితాలున్నాయని చెప్పింది. నా ముంజేయంత లావు, నల్లటి ఒంటి మీద గోధుమ రంగు మచ్చలు. ఎప్పుడు చూసినా చుట్ట చుట్టుకొని పడుండేది. తిండికి కూడా తొందర లేని జీవి. ఆ ఒక్క గుణం నాకు నచ్చింది.

చలికాలం మొదలవుతుంటే దానికి వేడి కావాలంది. కరెంటు ఎంత లాగుతుందని అడిగాను. ఫ్యాను కన్నా తక్కువేనంది. అయినా నమ్మకం కుదరక పక్కనే కూర్చుని అంతా చూశాను. గాజు పెట్టె అడుగున, బయటివైపు, సగం మేరకే కరెంటుతో వేడెక్కే ఒక పలచటి మ్యాట్ అంటించింది. వేడి ఒక పక్కనే ఉండాలట. రెండో పక్క చల్లగా ఉంచి, రెండు చోట్లా అది దాక్కోవడానికి బోర్లించిన చట్టి పెంకులు పెట్టింది. మ్యాట్‌ను నేరుగా ప్లగ్గులో పెట్టకూడదని, మధ్యలో థర్మోస్టాట్ అనే చిన్న పెట్టె తగిలించింది. దాని వైరు కొసన మిరియపు గింజంత మొన ఉంటుంది. ఆ మొనే వేడిని కనిపెట్టి, చాలనగానే కరెంటు ఆపేస్తుంది. దాన్ని మ్యాట్ మీద టేపుతో గట్టిగా అంటించింది.

ఇంత తతంగమెందుకు, కోడిపిల్లల గంపలో మాదిరి ఒక బల్బు వేలాడదీస్తే పోదా అన్నాను.

“కోడిపిల్ల కాలితే పక్కకు పోతాది జేజీ. ఇది పోదు. కింద నుంచి వచ్చే ఉడుకు దీనికి సరిగా తెలీదు. హాయిగుందనుకుంటా ఆడనే కాలిపోతాది” అంది.

దాసు అన్నం తింటూ ఇదంతా విన్నాడు. “ఏదెను తోటలో మన కొంప ముంచిందాన్ని తెచ్చి చలికి దుప్పటి కప్పుతాండావా?” అన్నాడు.

“పండు తినింది మనమే గదా నాయనా” అంది పిల్ల.

నాకు నవ్వొచ్చింది. దాసు మాత్రం లేచి, ఆమె కోసం వడ్డించిపెట్టిన కంచం తీసుకెళ్లి వీధి కుక్కకు పోశాడు. ఈ ఇంట్లో పామన్నా ఉండాలి, నువ్వన్నా ఉండాలి అన్నాడు. అది పోతే నేనూ పోతానంది కెజియా. ఆ తర్వాత వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఇంట్లో ఆ పిల్లకు తనదంటూ ఉన్నది ఆ పాము ఒక్కటే. అది దాసుకు బాగా తెలుసు.

క్రిస్మస్‌కు ముందు ఆళ్లగడ్డలో కెజియా చిన్నమ్మ సుగుణకు కాన్పు అయింది. సాయానికి నేను, కెజియా బస్సెక్కాం. పోయే ముందు పిల్ల తండ్రితో ఒకే మాట చెప్పింది. పాముకు మేత అయింది, నీళ్లున్నాయి, ఏమీ చేయనక్కర్లేదు, పెట్టెను ముట్టుకోవద్దు. అతను సరేనని తలూపాడు.

సుగుణ ఇల్లు శిల్పాలు చెక్కే షెడ్ల వెనక సందులో ఉంది. రాయి కోసే మిషన్ల మోతకు మాట వినపడదు. ఆరేసిన బట్టల మీదంతా తెల్లటి పొడి. మర్నాడు పొద్దున సుగుణ బిడ్డతో గదిలో పడుకుని ఉంది. నేను, కెజియా వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. ఎండ ఇంకా వరండాలోకి రాలేదు. నేను స్వెటర్ వేసుకుని ఉన్నాను.

మాట్లాడుతూ మాట్లాడుతూ కెజియా నాపరాళ్ల నేల మీద బోర్లా పడుకుంది. చలికి ఏం సోకు ఇది, లేచి కూర్చోమన్నాను.

“వెచ్చగుంది జేజీ” అంది.

ఆ నేల మీద నా కాళ్లు గడ్డకట్టుకుపోతున్నాయి. లెయ్యే అని గదిమాను. ఆమె చెంప కూడా బండకు ఆనించి కళ్లు మూసుకుంది. కాసేపటికి వాసన తగిలింది. కోడిని కాల్చేటప్పుడు వచ్చే వాసన. పొయ్యి మీద ఏదో మాడిందనుకుని లోపలికి పోయి చూశాను. గ్యాసు ఆపే ఉంది. తిరిగొచ్చి పిల్లను వెల్లకిలా తిప్పి పైట ఎత్తాను. కడుపు మీద అడ్డంగా, బెత్తెడు వెడల్పున, తోలు ఎర్రగా పొంగి నీరు కారుతోంది. ఒంటిమీది గుడ్డకు మాత్రం ఏమీ కాలేదు.

ఆమె పడుకున్న చోట అరచెయ్యి పెట్టి చూశాను. బండ చల్లగా ఉంది. పక్క బండా చల్లగా ఉంది. అగ్గి, కుంపటి, వేడినీళ్లు, అక్కడ ఏవీ లేవు.

“నాయన వైరు తీసి నీళ్ల చెంబులో వేసినాడు జేజీ” అంది కెజియా, నిద్రలో మాట్లాడినట్టు. “హాయిగుంది. నన్ను లేపొద్దు.”

ఆ థర్మోస్టాట్ వైరు మొన నీళ్లలో వేస్తే ఏమవుతుందో అప్పటికి నాకు తెలియదు. నీళ్లలో ఉన్న మొనకు ఎంతసేపైనా చల్లగానే ఉంటుందని, కరెంటు ఆగకుండా మ్యాట్ మండిపోతూనే ఉంటుందని తర్వాత తెలిసింది. మోటార్లు విప్పే మనిషికి అది తెలియక కాదు. ఆ క్షణాన నేను ఏమీ ఆలోచించకుండా దాసుకు ఫోను చేశాను.

“పాము పెట్టె ప్లగ్గు పీకు” అన్నాను.

“ఏందీ?”

“వైరు చెంబులో వేసినావంట గదరా. ముందు పీకు.”

“ఎవురు చెప్పినారు నీకు?” అన్నాడు.

“ఎవురైతే ఏం రా. నీ బిడ్డ కడుపు కాలతాంది ఈడ.”

నవ్వాడు. “చలికి తాళలేదంట గదమ్మా అది. ఉడుకు పెడతాండా. పుణ్యమే గదా” అని ఫోను పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

సుగుణ పురిటి ఒంటితోనే బయటికొచ్చింది. ఆమె చూసింది ఏమిటంటే, కాలిన కడుపుతో పిల్ల, ఆ కడుపు మీద తడిగుడ్డ వేస్తూ నేను. అంతకుముందు జరిగింది ఆమె చూడలేదు. ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలో పిల్ల ఒక్కసారి కూడా మూలగలేదు. చల్లగా గాలి కొడుతుంటే నా ఒళ్లోకి ముడుచుకుని, ఇంకా కొంచెం వెచ్చగుంటే బాగుండు అంది. ఆ పొక్కులు ముట్టుకున్నా పిల్ల అమ్మా అనకపోవడం కట్టు కట్టే నర్సుకు కూడా వింతగా తోచింది.

కట్టు సగంలో ఉండగా కెజియా ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది. “పోయింది” అంది. ఆ వెంటనే అరవడం మొదలుపెట్టింది. అప్పటిదాకా రాని నొప్పంతా ఒక్కపెట్టున వచ్చినట్టుంది. ఇద్దరు పట్టుకున్నా మంచం మీద ఆగలేదు. ఆ అరుపు ఇంకొకసారి వినే బలం నాకు లేదు.

డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచింది. “ఈ వాత ఎవరు పెట్టినారు పెద్దమ్మా?” అంది.

మా వైపు పాత రోజుల్లో పచ్చకామెర్లకు, మూర్ఛకు పిల్లలకు వాతలు పెట్టేవాళ్లు. మాట వినని పిల్లకు భయం పెట్టడానికి వాత పెడతానని అనని ఆడమనిషి లేదు. నేనూ అనేదాన్ని, వీధంతా వినేట్టు అనేదాన్ని. ఇంతవరకు ఎవరికీ పెట్టలేదు. ఆ మాటే డాక్టరమ్మకు చెప్పాను. ఆమె రాసుకోలేదు, తలూపలేదు, నా చేతుల వంక చూసింది.

సుగుణ ఫోను చేసి చెబితే సాయంత్రానికి దాసు వచ్చాడు. పాము చచ్చిందని వస్తూనే చెప్పాడు. గాజుకు అతుక్కుపోయిందట, ఇనుప పట్టీతో గీకి తీశాడట. మంచం మీద ఉన్న కూతురు వినేట్టుగానే చెప్పాడు. తర్వాత కట్టు మార్చడానికి నర్సు వచ్చినప్పుడు ఆ కడుపు చూశాడు. అడ్డంగా బెత్తెడు వెడల్పు. అంచున పాము పొలుసుల మాదిరి చిన్న చిన్న పలకలుగా అచ్చు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోవడం నేను కళ్లారా చూశాను. ఫోనులో నేను ఏమన్నానో, తను ఏమన్నాడో అతనికి గుర్తుంది. అతనికి అంతా అర్థమైంది.

అర్థమైన మనిషి, బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి వచ్చిన సుగుణ వైపు తిరిగి, “మా అమ్మే పెట్టింది వాత. నా మీద నేరం మోపడానికి” అన్నాడు.

సుగుణ నమ్మింది. డాక్టరమ్మ నమ్మింది. మా చర్చిలో అందరూ నమ్మారు. వాళ్లను తప్పుపట్టలేను. జరిగినదానికి అర్థమయ్యే కారణం అదొక్కటే. చెంబులో వైరు సంగతి నాకెలా తెలిసిందని నేను నిలదీస్తే, పిల్ల ఊహించి చెప్పుంటుందన్నారు. మరి ఆ పొద్దున పామును చూడకుండా అంత దూరం నుంచి ఎలా ఊహించిందో ఎవరూ అడగలేదు. పాస్టరు గారు కెజియాను పక్కకు పిలిచి, నిన్ను ఎవరు కాల్చారమ్మా అని అడిగారు. ఎవరూ కాల్చలేదు, వెచ్చగా ఉండింది అంతే అని చెప్పింది పిల్ల. జేజిని కాపాడుకుంటోందని అందరూ కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడు కెజియా ఆళ్లగడ్డలో సుగుణ దగ్గరే ఉంది. నన్ను ఆ గడప తొక్కనివ్వరు. పుండు మానిందట. అప్పుడప్పుడు వాళ్లు లేనప్పుడు ఫోను చేస్తుంది. మొన్న నేనే అడిగాను. నోరు తెరిచి జరిగింది చెప్పు, నీ జేజి కాల్చలేదని చెప్పు అన్నాను.

“చెప్తా జేజీ. ఏం జరిగిందని చెప్పల్ల?” అంది.

ఫోను చెవి దగ్గర పెట్టుకుని అట్లే కూర్చున్నాను. ఆమే పెట్టేసింది.