నాలుగు ఊర్ల ఉత్తరాలు, ఒక్క మిషను

టైపు అయ్యవారు పోయిన సంగతి నాకు ఆళ్ళగడ్డ బస్సులో తెలిసింది. కండక్టరు టిక్కెట్టు చింపుతూ, "నంద్యాలకేనా పెద్దాయనా? మీ టైపు అయ్యవారు నిన్న పొద్దున పోయినాడంట. చిల్లర ఉంటే ఇయ్యి" అన్నాడు. మూడు మాటలూ ఒకటే గొంతుతో అన్నాడు. నేను కూడా వెతికి చిల్లర ఇచ్చాను. ఇచ్చాక నా మీద నాకే రోత పుట్టింది.

ఆయన ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. వసారాలో నలుగురు కూర్చుని ఆయన మంచితనం మాట్లాడుకుంటున్నారు. నడిమధ్యన మా బామ్మర్ది. నా పెళ్ళాం తమ్ముడు. "ఆ విమానాల దొంగను నేనూ అయ్యవారూ కలిసి పట్టినాం. నేను ముందే కనిపెట్టినా" అని చెబుతున్నాడు. నా నోటి నిండా వక్కాకు ఉంది, అందుకని వాడు బతికిపోయాడు. ఆ దొంగ కథ ఏమిటో, ఎవరు ఎవరిని పట్టారో నేను రాస్తున్నాను. నా చదువు మూడో తరగతి. తప్పులుంటే మీరే దిద్దుకోండి. దిద్దే మనిషి పోయాడు.

అయ్యవారి టైపు బడి నంద్యాలలో ఒక బట్టల అంగడి మిద్దె మీద ఉండేది. ఆరు మిషన్లు. అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే ఆయన పళ్ళు తోముకునే బ్రష్షు పెట్టుకునేవాడు. అక్షరాల సందుల్లో మురికి తీయడానికి. దగ్గరికి పోతే మిషన్లు తుడిచే గ్యాసునూనె వాసన. తప్పు కొట్టిన పిల్లల్ని తిట్టేవాడు కాదు. తప్పు కింద పెన్సిలుతో చుక్క పెట్టి, "ఇది నువ్వు కొట్టలేదు, నీ తొందర కొట్టింది" అనేవాడు. టీ సగమే తాగేవాడు. మిగతా సగం ఎందుకు వదులుతావని అడిగితే, "మళ్ళా తాగబుద్ధి కావల్ల గదా" అనేవాడు.

నేను ఆయన దగ్గరికి పోయింది ఒక ఐత్వం వల్ల. మా మనవడు మద్రాసులో విమానం నడపడం నేర్చి లైసెన్సు తెచ్చుకున్నాడు. మా ఇంటికి ఉత్తరం రాశాడు. 'తాతా, డకోటా మీద టైప్ రేటింగ్ చేయాలి. అది లేకుంటే పెద్ద కంపెనీలు ఉద్యోగం ఇవ్వవు' అని. వాడికి తెలుగులో ఏత్వం ఎక్కడో ఐత్వం ఎక్కడో తెలియదు. రేటింగ్ కాదు, రైటింగ్ అయి ఉంటుందని నేనే దిద్దుకున్నాను. డకోటా అంటే మిషను కంపెనీ పేరనుకున్నాను. విమానం నడిపేవాడికి టైపు ఎందుకో నాకు అర్థం కాలేదు. అయినా గవర్నమెంటు ఏదడిగినా ఎందుకని ఎవరు అడిగారు. బస్సెక్కి నంద్యాల వచ్చి, మిద్దె ఎక్కి, ఆయన ముందు నిలబడ్డాను.

"మా మనవనికి టైపు నేర్పల్ల అయ్యవారూ. డకోటా మిషను మీద. ఉందా నీకాడ?"

ఆయన తన ఆరు మిషన్ల వైపు ఒకసారి చూశాడు. "డకోటా లేదు పెద్దాయనా. మీవాడు ఏం చేస్తాండాడు?"

"ఇమానం తోల్తాడు."

టైపు కొడుతున్న ఆడపిల్లలు పక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఉత్తరం తెచ్చినావా?" అన్నాడు. ఇచ్చాను. రెండుసార్లు చదివాడు.

"ఇది నా టైపు కాదప్పా. టైపు అంటే ఈడ రకం అని. ఒక్కో రకం విమానానికి ఒక్కో చదువు. మీవాడు నేర్చింది చిన్నది. డకోటా రెండు ఇంజన్లది, ఇరవై మందిని మోస్తుంది."

"ఎగరడం వచ్చినాక యాదైతే ఏంది? మా ఎద్దుల బండి తోలేటోడు యా బండైనా తోల్తాడు."

ఆయన నన్ను ఒక మిషను ముందు కూర్చోబెట్టి నా వేలితో ఒక అక్షరం కొట్టించాడు. తర్వాత పక్క మిషను మీద అదే అక్షరం. మొదటిది మెత్తగా దిగింది. రెండోది దిగలేదు. "అక్షరాలు రెండిట్లోనూ ఒకే చోట ఉండాయి. వేలి దెబ్బ వేరు. ఈడ తప్పు పడితే నేను కాయితం మారుస్తా. ఆడ ఏం మారుస్తావు?" అన్నాడు. నేను ఆ రెండో మిషను మీద ఇంకోసారి నొక్కి చూశాను.

అప్పటికే మా బామ్మర్ది ఒక ఏజెంటును ఆళ్ళగడ్డకు తీసుకొచ్చి ఉన్నాడు. తెల్ల బూట్లు, మొహానికి పౌడరు. మా ఇంట్లో ఒక కోడిని ఒంటిచేత్తో తినేసి, మడిచి పెట్టిన నా తలగుడ్డకు చేతులు తుడుచుకున్నాడు. ఆ తలగుడ్డ మళ్ళీ నేను చుట్టలేదు. డకోటా చదువు సగం ధరకే చెప్పిస్తానన్నాడు. నెల రోజుల్లో పాసు, ఆ వెంటనే ఉద్యోగం, అన్నీ తన పూచీ అన్నాడు. "బేగా తేల్చు బావా, సీటు పోతుంది" అని బామ్మర్ది నా చెవి కొరుకుతూనే ఉన్నాడు. నాలుగెకరాల నల్లరేగడి అమ్మితే ఒక్కసారి కట్టగలను. రెండోసారి కట్టడానికి నాకు ఏమీ మిగలదు. మనవడికి ఉన్నది ఆ ఒక్క అవకాశమే.

అదంతా అయ్యవారికి చెప్పాను. ఆయన కాగితం ఎక్కించాడు. "అడగాల్సినవి నాలుగే ఉండాయి. ఆ విమానంలో మీవాడు ఎన్ని గంటలు ఎగురుతాడు, అందులో ఎడమ సీట్లో వాని చేతులతోనే ఎన్ని గంటలు? పెట్రోలు ఫీజులో ఉందా, బయట కట్టల్లా? పరీక్ష చేసేది గవర్నమెంటోళ్ళా, వాళ్ళేనా? ముందు నేర్చినోళ్ళ పేర్లు ఇయ్యగలరా?" మనవడి దగ్గర మూడు చోట్ల చిరునామాలు ఉన్నాయి. మూడు చోట్లకూ అవే నాలుగు ప్రశ్నలు కొట్టాడు. నా దగ్గర తీసుకున్నది కాగితాల ఖర్చు మాత్రమే.

జవాబులు వచ్చాయి. ఒకరి ధర వింటే కళ్ళు తిరిగాయి. అందులో హాస్టలు, యూనిఫారం, దానికి ఇత్తడి బొత్తాములు కూడా ఉన్నాయి. "బొత్తాములకు చేను అమ్ముతావా?" అని పక్కన పెట్టేశాడు. రెండోవాళ్ళు నాలుగు ప్రశ్నలకు నాలుగు వాక్యాలు రాశారు. గంటలు ఇన్ని, పెట్రోలు ఫీజులోనే, పరీక్ష గవర్నమెంటు అధికారిది, తప్పితే అదనపు గంటలకు ఇంత. ఇప్పుడు సీటు లేదు, వానలు పోయేదాకా ఆగాలి అని కూడా రాశారు. మూడోది ఏజెంటు కంపెనీ. వాళ్ళు ప్రశ్నలకు జవాబు రాయకుండా మేనేజరు ఉత్తరంలో తమను తామే పొగుడుకున్నారు. దానికి ముగ్గురు పాత విద్యార్థుల ఉత్తరాలు జత చేశారు. ఒకడు ఢిల్లీ నుంచి, ఒకడు నాగపూరు నుంచి, ఒకడు కలకత్తా నుంచి. అందరూ 'ఇంత మంచి చదువు ఎక్కడా లేదు' అన్నారు.

అయ్యవారు చదివి చెబితే ఆ మూడూ విని పొంగిపోయాను. ఆయన మేనేజరు ఉత్తరంతో కలిపి ఆ నాలుగు కాగితాలూ కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"పెద్దాయనా, ఈడ చూడు. ఈ అక్షరం కన్ను మురికితో పూడింది. నాలుగిట్లోనూ పూడింది. ఈ 'టీ' కాలు విరిగింది. నాలుగిట్లోనూ విరిగింది. నలుగురు నాలుగు ఊర్లల్లో ఉండి ఒక్క మిషను మీద ఎట్ల కొడతారప్పా?"

నేను ఒప్పుకోలేదు. చేను అమ్మడానికి బేరం కుదిరింది, మనవడికి ఆశ పెట్టాను, బామ్మర్ది దినమూ పొడుస్తున్నాడు. ఇక అప్పుడు నేనన్న మాట రాయడానికే సిగ్గుగా ఉంది. రాస్తాను.

"అక్షరం కాలు ఇరిగితే మనిషి దొంగా? ఆ రెండో కంపెనీ నుంచి నీకెంత కమీషను ముడుతుంది అయ్యవారూ?"

ఆరు మిషన్లూ ఆగిపోయాయి. పిల్లలందరూ విన్నారు. ఆయన వాళ్ళ వైపు తిరిగి, "కొట్టండి, కొట్టండి" అన్నాడు. తర్వాత నాతో, "సోమారం ఆ ఏజెంటు కంపెనీ కాడికే పోదాం. నేనూ వస్తా. ఆదివారం పోతే సెలవంటారు" అన్నాడు. అంతే.

సోమవారం బడికి తాళం వేసి వచ్చాడు. ఆ బడికి పనిదినాన తాళం పడటం అదే మొదలని తర్వాత తెలిసింది. నేను, మనవడు, బామ్మర్ది, ఏజెంటు, ఆయన. నంద్యాలలో రైలెక్కి ద్రోణాచలంలో మారి, మైసూరు రాజ్యం వైపు ఒక పాత మిలిటరీ మైదానానికి పోయాము. ఊరి పేరు రాయను. ఊరు చేసిన తప్పేమీ లేదు.

డకోటా ఉంది. చక్రాల చుట్టూ పల్లేరు మొలిచి ఉంది. తలుపు తీస్తే పావురాల రెట్ట వాసన ముక్కు పగలగొట్టింది. మనవడు ఎడమ సీటు దులుపుకుని కూర్చుని చుక్కాని పట్టుకున్నాడు.

"తాతా, ఇది కదలడంలే."

"కొత్త సరుకప్పా, అందుకే గట్టిగా ఉంది" అన్నాడు ఏజెంటు.

"అవునవును. పావురాలు గూడా కొత్తవే" అన్నాను. అంత రోతలోనూ నా నోరు ఊరుకోలేదు.

ఆఫీసు గదిలో మేనేజరు మాకు టీ చెప్పాడు. మూలన బల్ల మీద ఒక మిషను ఉంది. అయ్యవారు చేతులు కట్టుకుని, "మా పిల్లోని అర్జీ నేనే కొట్టుకుంటా సార్, కాయితం ఇస్తారా?" అని అడిగాడు. దుడ్లు వచ్చేస్తున్నాయని మేనేజరు సంబరంగా ఇచ్చాడు. ఆయన కూర్చుని ఒకే ఒక్క వరుస కొట్టి, కాగితం లాగి, జేబులోని నాలుగు ఉత్తరాలూ తీసి దాని పక్కన పరిచాడు. కన్ను పూడిన అక్షరం, కాలు విరిగిన 'టీ', అయిదు కాగితాల్లోనూ. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు రాని నాకు కూడా కనపడింది.

తర్వాత ఆయన చేసిన పని నేను మరిచిపోలేను. జేబులోని బ్రష్షు తీసి, ఆ పూడిన అక్షరాన్ని శుభ్రంగా తోమాడు. మేనేజరు నోరు తెరిచి చూస్తున్నాడు. "మిషను ఏం చేసింది పాపం" అని లేచాడు.

మేనేజరు సిగ్గుపడి ఉంటాడని అనుకుంటున్నారా? "మీరు కట్టకపోతే పొండి. బయట కాచుకున్నోళ్ళు ఉండారు" అన్నాడు. నిజంగానే ఉన్నారు. ఇద్దరు తండ్రులు, ఇద్దరు పిల్లలు. అయ్యవారు వాళ్ళకు కూడా కాగితాలు చూపించాడు. ఒకాయన కొడుకును పిలుచుకుని వెళ్ళిపోయాడు. ఇంకొకాయన, "నీకెందుకయ్యా?" అని లోపలికి పోయాడు. ఆయన్ను చూస్తే నాకు నేనే కనపడ్డాను.

రోత అక్కడితో ఆగలేదు. ఏజెంటు మా బామ్మర్ది చొక్కా పట్టుకున్నాడు. "బేరం పోయింది గదా. నీకు ముందే ఇచ్చిన కమీషను తిరిగియ్యి" అన్నాడు. బామ్మర్ది నా మొహం చూడలేదు. నేను అయ్యవారి మొహం చూడలేదు. కమీషను ఎవరికి ముట్టిందో అప్పటికి అందరికీ తెలిసింది.

తిరుగు రైల్లో మూడుసార్లు నోరు తెరిచాను, తప్పయిందని చెబుదామని. మూడుసార్లూ ఏదో ఎగతాళే వచ్చింది. చివరికి, "అయ్యవారూ, నీ ముక్కు గూడా ఆ టీ మాదిరే ఉంది" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వాడు కదా, ఇక చెల్లిపోయిందనుకున్నాను. మాట అన్నది ఆరుగురు పిల్లల ముందు, నవ్వించింది రైల్లో ఒక మూల. అది చెల్లుబాటు కాదని తెలిసీ ఊరుకున్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లో ఆ మిద్దె ఎక్కాను. ఎన్నో కబుర్లు చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పలేదు.

వానలు పోయాక మనవడు ఆ రెండో చోటికి పోయాడు. చెప్పినన్ని గంటలు ఎగిరాడు. ఒకసారి తప్పాడు, చెప్పినంతే కట్టించుకున్నారు, రెండోసారి గవర్నమెంటు అధికారి పాసు చేశాడు. ఇప్పుడు డకోటాలో రెండో పైలట్టు.

అయ్యవారి పదకొండో రోజుకు మనవడు సెలవు పెట్టి వచ్చాడు. భోజనాలయ్యాక ఆయన భార్య లోపలి గడప దగ్గర కూర్చుంది. నేను దగ్గరికి పోయి, "అమ్మా, ఒకనాడు ఆయన్ని ఒక మాట అన్నా" అన్నాను.

"తెలుసన్నా. చెప్పినాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలే. ఆ పొద్దు అన్నం సగం తిని లేసినాడు."

తప్పయిందని ఆమెతో చెప్పాను. ఆమె నా వెనక ఉన్న మనవణ్ణి చూసి, "ఈ పిల్లోడేనా?" అంది. అవునన్నాను.

"నిజంగా తోలతాండావా నాయనా అంత పెద్దది? ఎట్ల?"

వాడు ఆమె ముందు గచ్చు మీద కూర్చున్నాడు. ఎదురుగా ఏమీ లేదు. గోడ ఉంది, అంతే. వాడు ఎడమ చేత్తో లేని చుక్కాని పట్టుకున్నాడు, కుడి చేయి మెల్లగా ముందుకు తోశాడు. "ఇదో, లేస్తాంది అమ్మా. ఇప్పుడు ఒక ఇంజన్ ఆపేస్తారు, పరీక్షకు" అంటూ ఒక కాలు గట్టిగా తొక్కాడు. ఒళ్ళు ఒక పక్కకు ఒరిగింది, మళ్ళీ నిలబడింది. వాడు చూపు పక్కకు తిప్పలేదు. ఏ చెయ్యి ఎక్కడికి పోవాలో అక్కడికి పోతూనే ఉంది.

వసారాలో మా బామ్మర్ది ఇంకా మాట్లాడుతున్నాడు. ఆమె మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, మనవడి చెయ్యి మెల్లమెల్లగా వెనక్కి వచ్చి, విమానం నేలకు దిగేదాకా, కన్ను వాల్చకుండా చూస్తూ కూర్చుంది.