ఈ పడుగు దిగినాక అవలాంచి

పొదటూరుపేట నేతవీధిలో అమావాస్య నాడు మగ్గాల చప్పుడు ఉండదు. అందరూ తలంటుకుని గుడికో సినిమాకో పోతే, శివరామయ్య గాలం కర్ర భుజాన వేసుకుని పూండి చెరువుకు బస్సెక్కేవాడు. అమావాస్య పూట ఇంట్లో చేప వండరు కదా, అందుకని పట్టినవన్నీ మళ్లీ నీళ్లలోకే వదిలేసి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. వీధంతా నవ్వేది. నవ్వనీండి, ఆయనకేం నష్టం? లుంగీలు నేసి నేసి వంగిపోయిన వీపు ఆ ఒక్క పూటైనా నిటారుగా నిలిచేది.

డెబ్బై ఎనిమిదిలో ఆయన బావమరిది జగన్నాథన్ నీలగిరి కొండల నుంచి పూండికి బదిలీ అయి వచ్చాడు. చేపల శాఖలో వాచ్‌మన్ ఉద్యోగం. వచ్చీ రాగానే బావ బుర్రలో పురుగు దూర్చాడు.

"ఊటీ అవతల అవలాంచి అని చెరువుండాది బావా. చుట్టూ కొండలు, పొద్దన్నే నీళ్ల మింద మంచు. దాంట్లో ట్రౌట్ అని దొరలు తెచ్చి వదిలిన చేప. ఒంటి నిండా చుక్కలు. నువ్వు వానపాము పెడితే మూతి తిప్పుకుంటాది. ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగకైతే ఎగిరొచ్చి పడతాది. లైసెన్సు నేను తీసిస్తా, నువ్వు రా చాలు."

శివరామయ్య కన్నా ముందు ఆయన భార్య తిరుమలమ్మకు ఆశ పుట్టింది. తిరుత్తణి కొండ తప్ప వేరే కొండ ఎరగని మనిషి.

"నన్ను గూడా తోడుకొని పో. చలంటే ఎట్టుంటాదో ఒకసారి చూస్తా," అంది.

కండెలు చుట్టే చేయి కదా, తమ్ముడు ఒక్కసారి చూపిస్తే చాలు, గాలపు కొక్కేనికి కోడి ఈక ఆనించి లుంగీ నూలు చుట్టి ఈగలు కట్టడం మొదలుపెట్టింది. ఎర్రవి, పచ్చవి, నల్లవి. కట్టిన ప్రతిదీ ఖాళీ కుంకుమ డబ్బాలో దాచేది. తిరుత్తణిలో ఒక రైలు, సెంట్రల్లో ఇంకో రైలు, మేట్టుపాళయంలో కొండెక్కే చిన్న రైలు, ఊటీలో బస్సు. దారంతా ఆమెకు నోటికి వచ్చేసింది. పోను రాను అయిదు రోజులు.

ఆ అయిదు రోజులే దొరకలేదు. మగ్గం మీద నిలువునా సాగదీసి గంజి పట్టించిన పడుగును అన్నాళ్లు ముట్టకుండా వదిలేస్తే దారాలు పెళుసెక్కి తెగుతాయి. పోనీ నేత పూర్తయి పడుగు దిగిన రోజు బయల్దేరదామా అంటే, ఆ పూటే పాత దారాల కొసలకు కొత్త పడుగు అతికేయాలి. ఆ వీధిలో మగ్గం ఖాళీగా ఉందంటే ఒకటే అర్థం, ఆ ఇంట్లో మనిషి పోయినట్టు.

"ఈ పడుగు దిగినాక చూద్దాం లే," అనేవాడు శివరామయ్య. దిగేది, అతికేవాడు. ఇలాగే మూడేళ్లు గడిచిపోయాయి.

నాలుగో ఏడు తిరుమలమ్మకు దగ్గు పట్టుకుంది. తిరువళ్ళూరు డాక్టరు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తులు బాగా చెడ్డాయన్నాడు. ఆమెకు అర్థమైంది. ఒక మధ్యాహ్నం, పడుగు ఇంకో జానెడు మిగిలి ఉండగా, మంచం దిగి వచ్చి మగ్గం పక్కన కూర్చుంది.

"ఈ తూరి అతకొద్దయ్యా. అట్లే వదిలేయ్. నడిచే సత్తువ ఉండంగానే పోయొచ్చేద్దాం."

శివరామయ్య నేత ఆపేశాడు. మనిషి జబ్బుతో ఉండగా మగ్గం ఖాళీ చేస్తారా ఎవరైనా?

"నీకేమన్నా అయితే? ఆ మాట నోట రానీబాక. నీ కోసరమే కదమ్మే నేను అతికేది."

"నాకు తెలుసు లే," అంది తిరుమలమ్మ.

ఆ సాయంత్రమే అతికాడు. ఆమె ఎదురుగా కూర్చుని దగ్గుతూనే ఒక్కో దారం అందించింది. ఒక్కటీ జారకుండా ముడేశాడు. ఇంత గట్టిగా అతికాను, ఇంక దీనికేం కాదు అని ఆ పిచ్చి మనిషి నిజంగానే నమ్మాడు.

ఆ పడుగు సగంలో ఉండగా తిరుమలమ్మ పోయింది.

శివరామయ్య గూట్లోంచి కుంకుమ డబ్బా తీశాడు. ఒక్క ఈగ కూడా నీళ్లు చూడలేదు. మూత ఊడితే కొక్కేలు గుచ్చుకుంటాయేమోనని డబ్బాకు గుడ్డ చుట్టి ఆమె చేతి పక్కన పెట్టాడు.

శవాన్ని లేపే ముందు పడుగు కోయాలి. అది పుట్టింటివాళ్ల పని. జగన్నాథన్ కత్తెర తీసుకుని మగ్గం దగ్గర నిలబడి బావ వైపు చూశాడు. శివరామయ్యే కొయ్యమన్నాడు. నాలుగు కత్తిరింపులకు పడుగంతా తెగి, దారాలు రెండు పక్కలా వేలాడాయి.

శివరామయ్య వేలాడే దారాల్ని గుప్పిట పట్టి చూశాడు.

"ఇంతసేపేనా జగన్నాథా, దీన్ని కోసేదానికి?" అని అడిగాడు.

"ఇంతే బావా," అన్నాడు జగన్నాథన్.